లెక్కకు మడవలు

(కడపలో విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న తల్లులకు, తండ్రులకు, మనవళ్ల చేయి పట్టుకొని వచ్చిన అవ్వలకు, జేజినాయనలకు నమస్కారం. నేను 32 ఏళ్లు బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ కాలంలో ఎక్కువ భాగం కడప, ప్రొద్దుటూరు, రాయచోటి, జమ్మలమడుగు శాఖల్లోనే గడిచింది గనుక, ఇవాళ నేను చెప్పబోయే మాటలు చాలావరకు ఆ కౌంటర్ల దగ్గర, ఆ తర్వాత మా ఇంట్లో నేను చూసినవాటి నుంచి వచ్చినవే.

మన వైపు డబ్బును ‘లెక్క’ అంటాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మా సహోద్యోగి దగ్గరకు ఒక రైతు వచ్చి, ‘సార్, నా లెక్క ఇస్తే ఊరికి పోతా’ అంటే, ఆయన ఎంతో శ్రద్ధగా ఖాతా పుట తీసి జమలు, ఖర్చులు చదివి వినిపించడం మొదలుపెట్టారు. రైతు అడిగింది నోట్లు. ఆ రోజు నుంచి నాకు ఆ మాట మీద ప్రేమ పెరిగింది. డబ్బుకూ, డబ్బు పద్దుకూ ఒకే మాట పెట్టుకున్న మన పెద్దవాళ్ల ఇళ్లలో ఆ రెండూ ఒకచోటే ఉండేవి. పోపుల డబ్బా మూత తీస్తే నెలాఖరుకు ఎంత మిగిలిందో, ఏ వారంలో చేయి జారిందో ఇల్లాలికి ఒక్క చూపులో తెలిసేది. ఇప్పుడు ఫోనులోంచి పోయే డబ్బు కంటికి ఆనదు. పోయింది ఎంతో నెలాఖరున తెలుస్తుంది, ఎందుకు పోయిందో మాత్రం ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ముందుగా డబ్బు వేసుకొని వాడుకునే ప్రీపెయిడ్ కార్డు గురించి నేను ఇంతగా ఎందుకు మాట్లాడుతున్నానంటే, అది ఆ డబ్బా మూతను మళ్లీ తీసి చూపిస్తుంది.

ముందు రాయచోటి దగ్గరి ఒక కుటుంబం సంగతి చెబుతాను. తల్లి కువైట్‌లో, మనవాళ్ల నోట కోయిటలో, ఒక ఇంట్లో పనిచేస్తోంది. తండ్రి ఇక్కడ ఆటో నడుపుతాడు. పెద్ద కొడుకు కడపలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు, చిన్నది ఊళ్లో బడికి పోతోంది, ఇంట్లో అత్తగారు ఉంది. ఆమె నెలకు 30,000 రూపాయలు పంపేది. 20వ తేదీ దాటేసరికి ఖాతా ఖాళీ అయ్యేది. ఆ ఇంట్లో తాగేవాడు లేడు, పేకాట ఆడేవాడు లేడు, ఎవరూ దొంగ కాదు. అయినా ఆమె ఫోను చేసినప్పుడల్లా ‘యాడికి పాయ లెక్కంతా?’ అన్న ఒక్క ప్రశ్నతో మొదలై ఏడుపుతో ముగిసేది. అడిగితే భర్తకు అవమానం, అడగకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఈ ఇద్దరిలో ఎవరి తప్పూ లేదని నాకు వాళ్ల ఖాతా పద్దు చూసినప్పుడు అర్థమైంది. ఒకే ఖాతాలోంచి బియ్యం, డీజిలు, పిల్లవాడి చెప్పులు, బంధువుల పెళ్లికి చదివింపులు, అత్తగారి మాత్రలు, చీటీ కంతు అన్నీ కలిసి పోతున్నాయి. చెరువు తూము ఒక్కటే ఎత్తి, నీళ్లను చేలోకి ఇష్టమొచ్చినట్టు వదిలితే పల్లంలో ఉన్న మడి మునిగి, మెరకలో ఉన్న మడి ఎండుతుంది. మన రైతు అలా వదలడు గదా. మడవ కట్టి, ఒక మడి తడిసిన తర్వాతే ఇంకొక మడికి తిప్పుతాడు.

ఆ ఇంటికి మేము చేసింది అదే. డబ్బు వచ్చేది మునుపటిలాగే బ్యాంకు పొదుపు ఖాతాకు. నెల మొదట్లో అందులోంచి 9,000 రూపాయలు భర్త పేరు మీద ఉన్న ప్రీపెయిడ్ కార్డులోకి పోతాయి. అది వంటింటికి, మందులకు మాత్రమే. కొడుకు కార్డులోకి 1,500 రూపాయలు. పిల్లల ఫీజులు, చీటీ, ఊహించని ఖర్చు, ఇవన్నీ ఖాతాలోనే ఉంటాయి. నెలకు ఒకసారి భర్త ఆ రెండు కార్డుల పద్దును ఫోనులో తెరిచి, దాన్ని అట్లే ఆమెకు పంపుతాడు. కార్డు ఇచ్చిన సంస్థ కనీసం గత 6 నెలల పద్దును మనకు తీసి ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన, కాబట్టి ఈ పని ఎవరి దయ మీదా ఆధారపడింది కాదు. మొదటి నెల వంటింటి కార్డు 22వ తేదీకే అయిపోయింది. మిగిలిన వారానికి ఖాతాలోంచి 2,000 తీసి వేయవలసి వచ్చింది, కానీ ఈసారి ఎందుకు చాలలేదో వాళ్లకు తెలుసు: ఆ నెలలో రెండు నూనె డబ్బాలు కొన్నారు, చుట్టాలు నాలుగు రోజులున్నారు. ‘యాడికి పాయ’ అన్న ప్రశ్న అడగవలసిన అవసరం ఆమెకు రాలేదు.

ఇప్పుడు ఈ కార్డు అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏటీఎం కార్డు, క్రెడిట్ కార్డు, ఇది చూడటానికి ఒకేలా ఉంటాయి. ఏటీఎం కార్డు మన ఖాతాకు తలుపు. అది ఎవరి చేతిలో పడితే వాళ్ల ముందు ఖాతా అంతా తెరుచుకుంటుంది. క్రెడిట్ కార్డు అప్పు. ప్రీపెయిడ్ కార్డులో మనం ముందుగా వేసినంతే ఉంటుంది, అది అయిపోతే కార్డు పనిచేయదు, వెనుక ఉన్న ఖాతాకు దానికి దారి లేదు. ఇందులో ఉన్న డబ్బు మీద వడ్డీ రాదు. దీన్ని ఎంత బాగా వాడినా రేపు ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు మీ పరపతి స్కోరు, అంటే క్రెడిట్ స్కోరు, పెరగదు. కనుక పొదుపు చేసే డబ్బును ఇందులో ఉంచకూడదు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. బ్యాంకు కాని సంస్థ ఇచ్చే కార్డులో వేసిన సొమ్ము ఒక బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో, అంటే కార్డుదారుల సొమ్మును విడిగా ఉంచే ఆ సంస్థ ఖాతాలో, ఉంటుందే తప్ప మన పేరున డిపాజిట్‌గా ఉండదు. ఖర్చుకు వేరుచేసిన డబ్బు కార్డులో, దాచుకునే డబ్బు బ్యాంకులో ఉండాలన్నది మొదటి మాటగా గుర్తుపెట్టుకోండి.

రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల్లో వీటిని రెండు తరగతులుగా పెట్టింది. ఫోను నంబరు, పేరు, ఒక గుర్తింపు పత్రం సంఖ్య చెబితే ఇచ్చేది చిన్న కార్డు. అందులో ఏ సమయంలోనూ 10,000 రూపాయలకు మించి ఉండకూడదు, నెలకు 10,000కు మించి, ఆర్థిక సంవత్సరానికి 1,20,000కు మించి వేయకూడదు, దాంతో నగదు తీయడం కుదరదు, ఇంకొకరికి పంపడం కూడా కుదరదు, వస్తువులు, సేవలు కొనడానికి మాత్రమే పనికివస్తుంది. పూర్తి కేవైసీ, అంటే మన గుర్తింపు, చిరునామా పత్రాల తనిఖీ, చేయించుకుంటే 2 లక్షల రూపాయల వరకు ఉంచుకోవచ్చు, ఇతరులకు పంపవచ్చు, బ్యాంకేతర సంస్థ ఇచ్చిన కార్డయితే ఒక్కసారికి 2,000, నెలకు 10,000 వరకు నగదు కూడా తీసుకోవచ్చు. నగదు కట్టి డబ్బు వేసుకునే చిన్న కార్డును 24 నెలల్లోగా పూర్తి కేవైసీకి మార్చుకోకపోతే ఆ తర్వాత అందులో కొత్తగా డబ్బు వేయనివ్వరు, ఉన్నది మాత్రం వాడుకోవచ్చు. మీరు కార్డు తీసుకునే రోజున ఈ అంకెలను మరొకసారి సరిచూసుకోండి, నిబంధనలు మారుతూ ఉంటాయి.

నేను బ్యాంకులో ఉండి కూడా ఈ కార్డు విలువను ఆలస్యంగా తెలుసుకున్నాను. అది తెలిసిన తీరు చెప్పుకోవడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మా నాయన జమ్మలమడుగులో ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించుకున్నారు. ఒక నెల మొదటి వారంలో పింఛను తీసుకోవడానికి ఏటీఎంకు వెళ్లినప్పుడు, మిషను ముందు తడబడుతుంటే, వెనుక నిలబడిన ఒక యువకుడు ‘నేను తీసిస్తా పెద్దాయనా’ అని సాయం చేశాడు, డబ్బు తీసి చేతిలో పెట్టాడు, కార్డు కూడా తిరిగి ఇచ్చాడు. ఇచ్చిన కార్డు మా నాయనది కాదు. రెండు రోజుల్లో ఖాతాలోంచి 40,000 రూపాయలు పోయాయి. ఆయనకు వచ్చిన సందేశాలు ఇంగ్లిషులో ఉన్నాయి, కళ్లద్దాలు లేకుండా ఆయన వాటిని చదవలేదు. పిన్ మన నోటి నుంచి బయటికి వచ్చిన తర్వాత, మనం ఫిర్యాదు చేసేంత వరకు జరిగిన నష్టం మనదే అవుతుంది. ఆ నిబంధనను నేనే ఎందరికో కౌంటర్ దగ్గర వివరించాను. ఆ రోజు మా నాయనకు వివరించవలసి వచ్చింది.

తర్వాతి వారం నేను ఒక ప్రీపెయిడ్ కార్డు తెప్పించి, అందులో 3,000 రూపాయలు వేసి, ‘ఇకమీదట ఏటీఎం కార్డు నా దగ్గర ఉంచుతాను నాయనా, నెల నెలా నేను దీంట్లో వేస్తా, మీరు దీన్నే వాడండి’ అని ఆయన చేతిలో పెట్టాను. నేను ఆయన మంచికే చేశాను. ఆయన ఆ కార్డును కొంతసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ‘నా దుడ్లు నాకే కొలిచి పోస్తావామ్మా?’ అన్నారు. ఆ తర్వాత రెండు నెలలు ఆ కార్డును ముట్టుకోలేదు. మాత్రలు కూడా పక్కింటివాళ్ల దగ్గర అప్పు తీసుకొని తెప్పించుకున్నారని తర్వాత తెలిసింది.

వృద్ధులైన తల్లిదండ్రుల కోసం కార్డు తీసుకోవాలనుకునేవాళ్లు ఈ సంగతిని దయచేసి మనసులో పెట్టుకోండి. నేను నష్టాన్ని ఆపాలని చూశాను, ఆయన పెద్దరికాన్ని తీసేస్తున్నానని చూడలేదు. చివరికి మార్గం చాలా సులభంగా దొరికింది. పింఛను ఖాతా ఆయన పేరునే, ఆయన చేతిలోనే ఉంది. ఆ ఏటీఎం కార్డు మాత్రం బీరువాలో పెట్టాం. ప్రీపెయిడ్ కార్డు ఆయన ఫోను నంబరుతో, ఆయన కేవైసీతో తీసుకున్నాం. పింఛను పడిన రోజున మా తమ్ముడి కొడుకు పక్కన కూర్చుంటే, ఎంత వేయాలో ఆయనే చెప్పి, ఆయనే వేసుకుంటారు. సందేశాలు తెలుగులో వచ్చేలా పెట్టించాం. మాకు ఎవరికీ ఆ సందేశాలు రావు. అంగట్లో, మందుల షాపులో, బస్టాండులో ఎక్కడ ఎవరు సాయం చేసినా, మోసం చేసినా, పోయేది ఆ నెలకు వేసుకున్న దాంట్లో మిగిలిందే. కార్డు కూడా అదే, డబ్బు కూడా అదే. వేసే చేయి మారింది, అంతే. ఆ తర్వాత ఆయన ఆ కార్డును పర్సులో అన్నిటికంటే ముందు పెట్టుకున్నారు.

పెద్దల విషయంలో నేను నేర్చుకున్నది పిల్లల విషయంలోనూ పనికివచ్చింది, కానీ తిరగేసి. పెద్దవాళ్లకు వేసే చేయి వాళ్లదే కావాలి, చూసే కన్ను మనది కాకూడదు. పిల్లలకు వేసే చేయి మనదే, చూసే కన్ను ఇద్దరిదీ కావాలి.

చిన్నపిల్లలకు ముందు నగదే ఇవ్వండి. ఇది నా గట్టి అభిప్రాయం. చేతిలో ఉన్న 50 రూపాయల నోటు 20 రూపాయల ఐస్‌క్రీముకు మారి, తిరిగి మూడు పది రూపాయల నోట్లయి జేబులోకి రావడం చూడని పిల్లవాడికి, కార్డులో అంకె తగ్గడం వీడియో గేములో అంకె తగ్గినట్టే ఉంటుంది. డిబ్బీ, చిల్లర, అంగడికి పోయి ఉప్పు తెచ్చి మిగిలింది అప్పజెప్పడం, ఇవి అయిన తర్వాతే కార్డు. నా అనుభవంలో ఎనిమిదో తరగతికి ముందు కార్డు అవసరం కనబడలేదు. పొదుపు అలవాటు కోసమైతే వేరే దారి ఉంది: 10 ఏళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను తామే తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఎంత మొత్తం వరకు, ఏ షరతులతో అన్నది ఆ బ్యాంకు నిర్ణయిస్తుంది. అప్పు ఇచ్చే వీలు మాత్రం అందులో ఉండదు. పండక్కి వచ్చిన డబ్బు, బహుమతి డబ్బు అందులో పడాలి.

హాస్టల్లో ఉండే పిల్లల సంగతి దీనికి భిన్నం. మన జిల్లాల్లో ఇంటర్ నుంచే పిల్లలు ఇల్లు విడుస్తున్నారు. మా చిన్నమ్మాయి అనంతపురంలో ఇంజనీరింగ్ చదివినప్పుడు మొదటి సంవత్సరం నేను నా జీతం ఖాతా కార్డు ఒకటి ఇచ్చి పంపాను. పాపం, పిల్ల దుబారా మనిషి కాదు. అయినా ప్రతి చిన్న ఖర్చూ నా ఫోనుకు సందేశమై వచ్చేది. పని మధ్యలో ‘120 రూపాయలు’ అని చూసి, సాయంత్రం ఫోనులో ‘ఏం కొన్నావు’ అని అడిగేదాన్ని. నాకు అది పలకరింపు. ఆమెకు అది విచారణ. ఒకరోజు, ‘అమ్మా, నేను బిస్కెట్ కొన్నా నీకు తెలిసిపోతుందని, ఆకలైనా కొనడం మానేస్తున్నా’ అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

రెండో సంవత్సరం కార్డు మార్చాం, దానితో పాటు ఒప్పందం కూడా మార్చాం. ముందు ఇద్దరం కూర్చొని ఒక నెలలో ఏమేమి అవుతాయో కాగితం మీద రాశాం: జెరాక్సులు, రికార్డు పుస్తకాలు, రెండు నెలలకోసారి ఊరికి వచ్చిపోయే బస్సు చార్జీ, సబ్బులు, ఆదివారం బయట భోజనం. నేను 1,500 అనుకున్నాను, ఆమె లెక్క ప్రకారం 2,600 వచ్చింది, మేము 2,300 దగ్గర ఆగాం. ఆ అంకెను ఒకరు చెప్పి ఇంకొకరు తలూపి ఉంటే అది నిలబడేది కాదు. నెలంతా నేను ఏ ఖర్చు గురించీ అడగను. నెలాఖరున ఆమే పద్దు తెరిచి చూపిస్తుంది, అప్పుడు కూడా ఏది ఎక్కువైందో మొదట ఆమే చెప్పాలి. మధ్యలో అయిపోతే ఫోను చేసి అడగవచ్చు, నేను వేస్తాను, వచ్చే నెల అంత తగ్గుతుంది. మిగిలితే మిగిలింది ఆమెదే, దాన్ని పట్టుకొని తర్వాతి నెల తగ్గించకూడదు. ఈ చివరి షరతు ఆమె పెట్టింది, అది చాలా న్యాయమైనది. మిగిల్చిన బిడ్డకు కోత వేస్తే ఇంకెప్పుడూ మిగల్చదు.

పిల్లల కార్డులో ముందుగా చూసుకోవలసింది ఆన్‌లైన్ వాడకం. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు దేశంలో ఏటీఎంలో, స్వైపింగ్ మిషనులో పెట్టి వాడటానికి మాత్రమే తెరిచి ఉంటుంది. ఆన్‌లైన్ కొనుగోళ్లు, విదేశీ కొనుగోళ్లు, తాకించి చెల్లించడం మనం కావాలని తెరిస్తేనే పనిచేస్తాయి. బహుమతి కార్డులకు మాత్రం ఈ సదుపాయం తప్పనిసరి కాదు. తాకించి చెల్లించేటప్పుడు 5,000 రూపాయల వరకు పిన్ అడగకుండానే పోతుంది కనుక పిల్లల కార్డులో దాన్ని మూసే ఉంచండి, లేదా యాప్‌లో పరిమితి 200కో 300కో తగ్గించండి. ఇక ఆటల యాప్‌లు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, కేంద్రం కూడా 2025లో చట్టం తెచ్చింది. అయితే పందెం లేని మామూలు ఆటల్లోనే బొమ్మ తుపాకులు, రంగు దుస్తులు అమ్ముతారు, నెల నెలా దానంతట అదే కోసుకునే చందాలూ ఉంటాయి. అలా కోసుకునే 24 గంటల ముందు మనకు సమాచారం పంపాలన్నది నిబంధన. ఆ సందేశం పిల్లల ఫోనుకు పోతే ఎవరూ చదవరు. కార్డుకు తల్లిదో తండ్రిదో నంబరు పెట్టాలని నేను చెప్పేది ఈ ఒక్క కారణానికే.

మీలో చాలామంది మనసులో ఇప్పుడు ఒక మాట మెదులుతూ ఉంటుంది: ‘మా వీధి అంగట్లో కార్డు గీకే మిషనే లేదమ్మా, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ఉంది’. నిజమే. రైతు బజారులో వంకాయలు అమ్మే ఆమె దగ్గర మిషను ఉండదు. చిన్న కార్డు తీసుకొని అక్కడ వాడలేక ఇంట్లో పడేసిన వాళ్లను నేను చాలామందిని చూశాను. పూర్తి కేవైసీ చేసిన వ్యాలెట్టయితే, అంటే ఇదే ప్రీపెయిడ్ డబ్బు ఫోను యాప్‌లో ఉంటే, యూపీఐ ద్వారా ఏ క్యూఆర్ కోడ్‌కైనా చెల్లించవచ్చు. ఇలాంటి వ్యాలెట్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలన్న నిబంధన 2022 నుంచి అమల్లో ఉంది. కనుక వంటింటి ఖర్చుకైతే పూర్తి కేవైసీయే తీసుకోండి. హాస్టల్ పిల్లవాడికైతే, క్యాంటీన్‌లో, స్టేషనరీ షాపులో మిషను ఉందో లేదో ముందు కనుక్కోండి.

దీనికి దగ్గరిదే యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చింది. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు తమ ఖాతాలోంచే ఇంట్లో ఐదుగురి వరకు చెల్లించే అధికారం ఇవ్వవచ్చు. అధికారం పూర్తిగా ఇస్తే నెలకు 15,000 రూపాయలకు, ఒక్కో చెల్లింపు 5,000 రూపాయలకు మించకుండా వాళ్లే చెల్లించుకుంటారు. పాక్షికంగా ఇస్తే ప్రతి చెల్లింపుకూ మన ఫోనులో మనం అనుమతి నొక్కాలి. ఒకే ఊళ్లో ఉండే భార్యాభర్తలకు ఇది బాగానే ఉంటుంది. కోయిటలో ఉన్న ఆ తల్లికి ఇది సరిపోదు. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా, ఆమె పనిచేసే ఇంట్లో ఫోను పట్టుకునే వేళలు వేరు. ఇక్కడ మందుల షాపు ముందు అత్తగారు నిలబడి ఉంటే అక్కడ ఆమె చేతులు పిండిలో ఉంటాయి. నెలకు ఒకసారి వేసి మరిచిపోగలిగిన పద్ధతి కావాలి ఆమెకు. హాస్టల్ బిడ్డకు కూడా నేను సర్కిల్ కంటే కార్డునే కోరుకుంటాను, ఎందుకంటే అందులో అయిపోవడం అన్నది ఉంది. ఖాతాలో ఇంకా ఉందని తెలిసిన బిడ్డ ఒకలాగా ఖర్చు పెడుతుంది, ఉన్నది ఇంతే అని తెలిసిన బిడ్డ ఇంకొకలాగా.

కార్డు పోయినా, తెలియని చెల్లింపు కనబడినా, మొదట కార్డు ఆపివేయించండి, ఆ తర్వాతే వెతుక్కోండి. మన తప్పు లేకుండా, సంస్థ తప్పు కూడా లేకుండా మూడో మనిషి చేసిన మోసమైతే, మనం మూడు రోజుల్లోపు తెలియజేస్తే నష్టం మన మీద పడదు; నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య అయితే పోయిన మొత్తం, లేదా 10,000 రూపాయలు, ఏది తక్కువైతే అంతవరకు మన మీద పడుతుంది. బ్యాంకేతర సంస్థల కార్డులకు ఈ రక్షణ 2019 నుంచి ఉంది. సైబర్ మోసమైతే 1930కి ఫోను చేయండి. సంస్థ 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు న్యాయంగా తోచకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు విని తీర్పు చెప్పే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, దానికి ఫీజు ఏమీ లేదు. పిన్ రాసిన చీటీని కార్డు కవరులోనే పెట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఎంత ఉందో నాకు తెలుసు. ఆ చీటీ ఒక్కటి చాలు, పైన చెప్పిన రక్షణ అంతా పోవడానికి. ఇవాళ ఇంటికి పోగానే ఆ కవర్లు తెరిచి చూడండి.

చార్జీల గురించి ఒక్క మాట. కార్డు ఇవ్వడానికి, పోతే కొత్తది ఇవ్వడానికి, డబ్బు వేసినప్పుడు, ఏటీఎంలో తీసినప్పుడు సంస్థను బట్టి రుసుము ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కొందరు కొన్ని నెలలు వాడకపోయినా కోసుకుంటారు. నెలకు 1,000 రూపాయలు వేసే కార్డు మీద ఏడాదికి 300 రూపాయలు చార్జీలైతే అది మీకు పనికిరాని కార్డు. సంతకం పెట్టే ముందు చార్జీల పట్టిక అడిగి, ఈ నాలుగింటి ఎదుట ఉన్న అంకెలు వేలితో చూపించమనండి. చూపించకపోతే లేచి రండి.

జూన్‌లో బడులు తెరిచే ముందు ఈ పని మొదలుపెట్టకండి. ఆ నెలలో ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు అన్నీ కలిసి ఏ లెక్కనైనా తారుమారు చేస్తాయి, కార్డు పనిచేయలేదనే చెడ్డ అభిప్రాయం మిగులుతుంది. ఉగాదో, రంజానో, పెళ్లో లేని మామూలు నెల ఒకటి చూసుకోండి. ఒకే కార్డుతో, ఇంట్లో ఎక్కువ గొడవ తెచ్చే ఒకే ఖర్చుతో మొదలుపెట్టండి. మా రాయచోటి కుటుంబంలో అది వంటిల్లు. మీ ఇంట్లో అది అబ్బాయి పెట్రోలు కావచ్చు. ఆ ఒక్క మడవ మూడు నెలలు నిలబడిన తర్వాత రెండోది కట్టండి.

ఇప్పటికే కార్డు తీసుకున్నవాళ్లు కార్డునూ, ఫోనునూ పట్టుకొని ఈ ముందు వరుసలోకి రండి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఎక్కడ మూయాలో, రోజుకు ఇంత అని పరిమితి ఎక్కడ పెట్టాలో, సందేశాలను తెలుగులోకి ఎలా మార్చుకోవాలో ఒక్కొక్కరి ఫోనులో చూసి చేద్దాం. అవ్వలు, జేజినాయనలు ముందు రండి, మీ పిన్ మాత్రం నాకు కూడా చెప్పవద్దు.